రెండో గేటు

కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో పోయి కాపలా పని చేసి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. మా వీధి చివరింటాయన వాళ్లలో ఒకడు. ఏజెన్సీ ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడతాడు. ఈ నెల వైట్‌ఫీల్డ్ అయితే పై నెల ఇంకెక్కడో. 2002లో హెచ్‌పీ సంస్థ ఐ-కమ్యూనిటీ పేరుతో కుప్పానికి కంప్యూటర్లు తెచ్చినప్పుడు, ఆ ఏడే పుట్టిన కొడుకును చంకనేసుకుని గుమ్మం బయటి నుంచే చూసి వచ్చాడట. తాను లోపలికి పోలేదు గానీ కొడుకు పోవాలని ఆరోజే అనుకున్నాడు.

కొడుకు మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివాడు. క్యాంపస్‌కు కంపెనీలు వచ్చి పోయాయి, అతనికి ఏదీ దొరకలేదు. సెక్యూరిటీ ప్లస్ రాయమన్నారు సీనియర్లు. కంప్యూటర్ భద్రత మీద కాంప్‌టియా సంస్థ పెట్టే పరీక్ష అది. 90 నిమిషాల్లో 90 ప్రశ్నల దాకా వస్తాయి, 900కు 750 తెచ్చుకోవాలి. ఫీజు ఎంతో విని ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది కదా, ఆ పంటలో పుంగనూరు మేనమామకు నాలుగు డబ్బులు మిగిలాయి. టమాటా రైతు చేతిలో డబ్బు నిలవడమే అరుదు. నిలిచిన ఏడు ఆయన దాన్ని మేనల్లుడి పరీక్షకు కట్టాడు. ఇలాంటి మేనమామలు లేకపోతే మా సీమలో ఎన్ని చదువులు సగంలో ఆగిపోయేవో!

యూట్యూబ్‌లో ప్రొఫెసర్ మెసర్ ఉచితంగా పెట్టిన పాఠాలే అతనికి కోచింగ్. 22, 443, 3389 అంటూ పోర్టు నంబర్లన్నీ గోడ మీద రాసుకున్నాడు. ఎన్‌క్రిప్షన్ కూడా లొంగింది. కొరుకుడు పడనిదల్లా మాటలతో మనిషిని బోల్తా కొట్టించే పద్ధతుల అధ్యాయమే. నాలుగు జవాబులూ ఒకే మాదిరి కనిపించేవి.

వారం సెలవుకు ఇంటికొచ్చిన తండ్రి ఒక రాత్రి పక్కన కూర్చున్నాడు.

"అదేందో తెలుగులో చెప్పు, అబ్బోడా."

సిలబస్‌లో భవనాల రక్షణ అని ఒక వరస ఉంటుంది. కంచె, కెమెరా, సెక్యూరిటీ గార్డు, బ్యాడ్జి, దీపాలు, ఇలా. కొడుకు చదివి వినిపించాడు.

"నన్నూ రాసినారా పుస్తకంలో!" తండ్రి మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఆయనే పాఠం చెప్పాడు. కార్డు గీకినవాడి వెనకాలే తలుపు మూతపడేలోగా దూరేవాళ్లు, రెండు చేతుల్లో పార్శిళ్లు పట్టుకుని తలుపు తీయమనేవాళ్లు, "మీ సార్ పంపినాడు" అని దబాయించేవాళ్లు. టెయిల్‌గేటింగ్, ఇంపర్సనేషన్ అని కొడుకు పేరు చెప్పేలోగా ఆయన దగ్గర ఇంకో సంగతి సిద్ధంగా ఉండేది. ప్రిటెక్స్టింగ్ అంటే ముందుగా ఒక కథ అల్లుకుని రావడమని విన్నాక మాత్రం కాసేపు ఆలోచించాడు.

"కారులో వచ్చినోడు గదమాయిస్తే ఆపుతా. టై కట్టుకున్నోణ్ణీ ఆపుతా. కొత్తగా పనిలో చేరిన పిల్లోడు, కడుపుకు తినకుండా పరిగెత్తుకుంటా వచ్చి, అన్నా, కార్డు రూములో మరిచిపోయినా, లేటయితే పని తీసేస్తారు, మా నాయన అప్పు చేసి చదివించినాడు అన్నాడనుకో... వాణ్ణి ఆపేదానికి నాకు చెయ్యి రాదురా."

కొడుకు అది నోట్సులో రాసుకున్నాడు.

2024లో పరీక్ష పాసయ్యాడు. పరీక్ష కేంద్రంలో గడియారం తీయించి, జేబులు బయటికి లాగించి చూశారని కొడుకు చెబితే తండ్రి సంబరపడ్డాడు. గేటంటే అట్ల ఉండాలన్నాడు. బెంగళూరులో చిన్న కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది. వేరే సంస్థలు రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, వాటి భద్రతలో లోపాలు వెతికి చెప్పడం దాని పని. సంస్థల పేర్లు కొత్తవాళ్లకు తెలియనివ్వరు. కాగితాల మీద ఒక నంబరే ఉంటుంది.

రెండో నెలలో ఒక ఆఫీసు గేట్ల పరీక్ష వచ్చింది. కార్డు లేని మనిషి రాత్రిపూట లోపలికి పోగలడా అన్నది చూడాలి. ఏ కథ చెప్పి పోవాలో రాయమని టీమ్ లీడర్ అందరినీ అడిగాడు. ఇతను రాసిందే బాగుందని తీసుకున్నారు. ఒక సహోద్యోగి పోయి ఆ మాటలే చెప్పాడు. ఒకటో గేటు ఆపింది, రెండో గేటు వదిలింది. రిపోర్టు రాసే పని కూడా ఇతనికే ఇచ్చారు. ఇలాంటి రిపోర్టుల్లో మనిషిని కాదు, పద్ధతిని తప్పుపట్టాలని చదువుకున్నాడు గనక ఎవరి పేరూ రాయలేదు. గేటు నంబరు, తేదీ, వేళ రాశాడు. టీమ్ లీడర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మొదటి మెప్పు. ఆ ఆదివారం తండ్రికి కొత్త చెప్పులు కొనుక్కుని కుప్పం వచ్చాడు. తండ్రి పట్టపగలు ఇంట్లోనే ఉన్నాడు, యూనిఫారం ఏజెన్సీకి తిరిగి ఇచ్చేసి.

"తీసేసినారు, అబ్బోడా. ఎవడో పిల్లోడు, నీ ఈడోడే. మొదటి నెల ఉద్యోగమన్నా, కార్డు రూములో మరిచిపోయినా, మా నాయన అప్పు చేసి చదివించినాడు అన్నాడు. నువ్వే కండ్ల ముందర నిలిచినావు. పో నాయనా అని పంపించినా. అది పరీక్షంట, తర్వాత చెప్పినారు."

కొడుకు నోట మాట రాలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన బిడ్డ తన గురించి దిగులు పడుతున్నాడనుకుని తండ్రే సముదాయించాడు.

"ఇంకో ఏజెన్సీ చూసుకుంటాలే. అయినా ఆ మాటలు రాసిచ్చినోడు ఎవడో గానీ, గేటుకాడ నిలబడేవాని మనసు బాగా ఎరిగినోడురా."