అరవై సెకన్ల ఆవకాయ

అరవై సెకన్లట! ఫోన్ తెరిస్తే చాలు, ఆ ప్రకటనలో కుర్రాడే ప్రత్యక్షం. కొట్టు పేరు చెప్పండి, ఏం అమ్ముతారో ఒక్క ముక్క చెప్పండి, టీ చల్లారేలోగా ఏఐ వెబ్‌సైట్ కట్టి చేతిలో పెడుతుంది, తెల్లారేసరికి అమెరికా నుంచి ఆర్డర్లు. ఆవాలు ఎండబెట్టి, దంచి, జల్లించేసరికే రెండు రోజులు గడిచిపోయే పచ్చళ్ల వ్యాపారికి ఈ అరవై సెకన్ల లెక్క ఎంత తియ్యగా వినిపిస్తుందో వేరే చెప్పాలా? ధరా ముద్దుగానే ఉంటుంది. అన్నీ తొమ్మిదులే.

సరే, గుంటూరులో ఒక పచ్చళ్ల కొట్టుకి అలాంటి సైట్ వచ్చిందనుకుందాం. తెరవగానే గోడంత ఫొటో. కోట్లు వేసుకున్న నలుగురు తెల్లవాళ్లు చేతులు కలుపుకుంటూ పళ్లికిలిస్తుంటారు. నలుగురిలో ఒక్కరిదీ గోంగూర తిన్న మొహం కాదు. వాళ్ల కిందే ‘మా గురించి’.

ఈ ‘మా గురించి’ దగ్గర కాస్త ఆగక తప్పదు. ఈ కాలమ్ రాసేవాడికి బీపీ పెరిగేది ఇక్కడే. అందులో మొదట విజన్ ఉంటుంది: సంప్రదాయ రుచులను ప్రపంచ స్థాయికి చేర్చడం. తర్వాత మిషన్: పై విజన్‌ను సాధించడం. ఆ తర్వాత విలువలు: నిజాయతీ, శ్రేష్ఠత, ఆవిష్కరణ. నిజాయతీ సరే. ఆవకాయలో ఆవిష్కరణ అంటే మాత్రం కొనేవాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు.

ఇదే విజన్‌ని పక్క వీధిలో పళ్ల డాక్టరు సైట్‌లో చూడొచ్చు. ఊరి చివర ఫంక్షన్ హాల్ సైట్‌లోనూ చూడొచ్చు. ‘రుచులు’ అన్నచోట ‘చిరునవ్వులు’, ‘వేడుకలు’ అని ఉంటుంది, అంతే తేడా. ఫంక్షన్ హాల్‌కి విజన్ దేనికి? పెళ్లివాళ్లు అడిగేది ఎంతమంది పడతారు, ఏసీ ఉందా, జనరేటర్ డీజిల్ ఎవరిది, కార్లు ఎక్కడ పెట్టాలి, ఎంగిలాకులు ఎవరు ఎత్తాలి. ఈ అయిదింటికీ సైట్‌లో జవాబుండదు. ‘మీ కలలను సాకారం చేస్తాం’ అని ఉంటుంది. కల సంగతి తర్వాత, ముందు డీజిల్ సంగతి చెప్పమనండి!

పచ్చళ్ల కొట్టుకే వస్తే, కొనేవాడికి కావలసినవి: కిలో ఎంత, నువ్వుల నూనా వేరుశనగ నూనా, వెల్లుల్లి వేస్తారా వెయ్యరా, ఎన్నాళ్లు నిలవుంటుంది, డాలస్‌లో ఉన్న కూతురికి పంపిస్తారా, సీసా పగిలితే ఎవరిది పూచీ. వీధి వీధంతా ఎవరి చేతి రుచి చూసి ఆ కొట్టుకొస్తుందో, కారం కలిపే ఆ పెద్దావిడ ఊసు ‘మా గురించి’లో ఎక్కడా కనబడదు. ఆవిణ్ణి గురించి ఏఐకి ఎవరూ చెప్పలేదు. ఏఐ అడగనూ లేదు. అడిగితే అరవై సెకన్లు దాటిపోవూ?

విజన్ రాయమని ఏ చట్టమూ అడగలేదు. చట్టం అడిగేవి వేరే ఉన్నాయి. ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు కొనేవాడికి కనబడాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలో తేల్చాలి. మన అరవై సెకన్ల సైట్‌లో ఫిర్యాదుల అధికారి ఉండాల్సిన చోట ఎవరుంటారో తెలుసా? సిసెరో.

వేళాకోళం కాదు. రెడీమేడ్ నమూనాల్లో ఖాళీలు నింపడానికి ‘లోరెమ్ ఇప్సమ్’ అని మొదలయ్యే అర్థంపర్థం లేని లాటిన్ వాడతారు. అది క్రీస్తుపూర్వం 45లో రోమన్ వక్త సిసెరో రాసిన గ్రంథంలోంచి చెక్కేసిన ముక్క. కట్టినవాడు చెరపడం మరిచిపోతాడు, యజమాని స్క్రోల్ చేసి చూడడు. ఆ ముక్క అసలు నొప్పి గురించీ సుఖం గురించీ. గుంటూరు కారానికి నప్పిందేమో గానీ, సీసా పగిలినవాడికి రెండువేల ఏళ్లనాటి లాటిన్‌లో ఊరట దొరకదు.

తెలుగు బటన్ నొక్కితే ‘హోమ్’ కాస్తా ‘ఇల్లు’ అవుతుంది, ‘కార్ట్’ బండి అవుతుంది. అడుగున కాపీరైట్ సంవత్సరం 2019 దగ్గరే నిద్రపోతుంటుంది. మూలన గంట మోగించే చాట్ బొమ్మకి ‘హలో’ తప్ప మరో మాట రాదు.

ఇదంతా చదివి ‘అందుకే మాకు ఇన్‌స్టా చాలు’ అని చంకలు గుద్దుకునేవాళ్లూ ఆగాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. అక్కడ లక్షల్లో పోగేసుకున్న ఫాలోయర్లు ఒక్క రాత్రిలో గాలికి పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు పడుకున్నాయి. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా కట్టిచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో తనే మూసేసింది. ఊరికే ఇచ్చిన అరుగు మీద కొట్టు పెడితే, ఇంటివాడు లెమ్మన్నప్పుడు లేవాలి. సొంత సైట్ కావాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. సొంత చిరునామా, నిజమైన ధరలు, ఎత్తే ఫోన్ నంబరు ఉన్న ఒక్క పేజీ కొట్టుకి బోర్డంత అవసరం.

ఆ సొంత చిరునామా దగ్గరే అసలు దగా జరుగుతోంది. ఇక్కడ నవ్వడానికేమీ లేదు.

సైట్ చిరునామాని, అంటే డొమైన్‌ని, ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికింత అని కట్టుకుంటూ పోవాలి, ఒక్కసారిగా కట్టినా పదేళ్లు మించదు. డాట్ ఇన్ పేరుకి ఏడాదికయ్యేది మామూలుగా వందల్లోనే. ఇలాంటి సైట్ ప్యాకేజీ అమ్మినవాడు ఆ పేరును తన పేరిట, తన మెయిల్ మీద రిజిస్టర్ చేసుకుంటాడు. యజమానికి చెప్పడు. సీసాల మీద, సంచుల మీద, ఆటో వెనక ఆ చిరునామా అచ్చేయించాక, రెండో ఏడు వేలల్లో అడుగుతాడు. వద్దు, వేరే వాళ్ల దగ్గరికి పోతాం అంటే ఫోన్ ఎత్తడు. నియమాలు లేక కాదు. డాట్ కామ్ లాంటి పేర్లకి, బదిలీకి కావలసిన కోడ్‌ని అడిగిన అయిదు రోజుల్లో రిజిస్ట్రార్, అంటే పేర్లు నమోదు చేసే సంస్థ, ఇవ్వాలని ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ నియమం. ఎవరికి ఇవ్వాలి? పేరు ఎవరిదైతే వాళ్లకి. పేరు వాడిది!

డబ్బు కట్టక గడువు దాటితే మరీ ఘోరం. రిజిస్ట్రార్ డాట్ కామ్ పేరును తొలగించాక 30 రోజులు మాత్రం అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు, మరో అయిదు రోజులకి అది బజారున పడుతుంది. ఇలా పడే పేర్ల కోసం జూదం సైట్లవాళ్లు కాచుకుని కూర్చుంటారు. నలభై ఏళ్ల నమ్మకంతో కట్టుకున్న పేరు టైప్ చేస్తే రమ్మీ పేకలు విచ్చుకుంటాయి. ఇది అజ్ఞానం కాదు, అప్పనంగా జేబులు కొట్టడం. కొట్టు అద్దెకిప్పించిన బ్రోకరు దస్తావేజు తన పేరిట రాయించుకుంటే ఊరుకుంటారా?

సైట్ ఉన్న వ్యాపారులు ఇవాళ కొట్టు కట్టేశాక ఒక్క ఫోన్ చెయ్యండి. డొమైన్ ఎవరి పేరిట ఉంది, ఏ మెయిల్ మీద ఉంది, గడువెప్పుడు, లాగిన్ ఎవరి చేతిలో ఉంది? ‘అవన్నీ మేం చూసుకుంటాం సార్’ అనే జవాబు వస్తే, రేపు పొద్దున్నే వాడి ఆఫీసుకి వెళ్లండి. పేరు మీ మెయిల్‌కి మారేదాకా కుర్చీలోంచి లేవకండి.