కథకు తగిలించిన తోక

ఇసుక తుఫాన్లకు పూడిపోయిన దుబాయ్‌లోకి కెప్టెన్ మార్టిన్ వాకర్ ఇద్దరు సైనికులతో అడుగుపెడతాడు. బెర్లిన్‌లోని యాగర్ స్టూడియో చేసిన ‘స్పెక్ ఆప్స్: ద లైన్’ గేమ్ కథ ఇది. ఒకచోట మానిటర్ మీద తెల్లటి చుక్కలు కదులుతుంటాయి. వాటి మీద తెల్ల భాస్వరం కురిపించాలి, లేదంటే ఆట ముందుకు సాగదు. గురి చూస్తున్నంతసేపూ అదే అద్దంలో వాకర్ మొహం మసకగా కనిపిస్తూనే ఉంటుంది. పని అయ్యాక కాలిన శవాల మధ్యనుంచి నడవాలి. చచ్చినవాళ్లలో తలదాచుకోవడానికి వచ్చిన మామూలు జనం ఉన్నారు. ఒక తల్లి, బిడ్డ కళ్లు చేత్తో మూసి, అలాగే మాడిపోయి ఉంటుంది. ఆటలో చంపడమంటే ఏమిటో ఇంత సూటిగా నిలదీసిన గేమ్‌లు చాలా తక్కువ.

ఈ గేమ్ ఏళ్ల తరబడి నలిగి, వాయిదాలు పడి, 2012 జూన్‌లో బయటికొచ్చింది. ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడే మల్టీప్లేయర్ భాగం కూడా ఉండి తీరాలని పబ్లిషర్ టూకే పట్టుబట్టింది. కథ అయిపోగానే జనం డిస్క్‌ను సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తారు, మల్టీప్లేయర్ ఉంటే ఇంట్లోనే ఉంచుకుంటారు. షూటింగ్ గేమ్‌ల వ్యాపారంలో అప్పటి లెక్క అది. ఆ భాగాన్ని వేరే స్టూడియో చేత చేయించారు. అందులో అవతలివాణ్ణి కాల్చితే పాయింట్లు, పాయింట్లు పెరిగితే ఇంకా మంచి తుపాకులు! కథ ఏ పనికి సిగ్గుపడమందో, సరిగ్గా ఆ పనికే బహుమానం. ఇది కథకు చేసిన ద్రోహమే.

పోనీ, డబ్బులైనా వచ్చాయా? అమ్మకాలు అనుకున్నంత లేవని టూకే మాతృసంస్థే చెప్పుకుంది. లీడ్ డిజైనర్ కోరీ డేవిస్ అయితే దాచుకోలేదు. ఆ మల్టీప్లేయర్‌ను క్యాన్సర్ గడ్డతో పోల్చాడు. అది అసలు ఉండకూడనిదన్నాడు, ఆడుతున్నవాళ్లే లేరన్నాడు.

లైసెన్సుల గడువు తీరడంతో 2024 జనవరిలో ఈ గేమ్‌ను ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తీసేశారు. అయినా ముందే కొనుక్కున్నవాళ్లు, డిస్క్ దాచుకున్నవాళ్లు వాకర్ కథను ఈ రాత్రికి కూడా ఆడుకోవచ్చు. దానికి ఎవరి సర్వరూ అక్కర్లేదు.

మరి మల్టీప్లేయర్ అంత చేదు మిగిల్చాక యాగర్ స్టూడియో ఏం చేసింది? ఆ తర్వాత అది బయటికి తెచ్చిన గేమ్‌లు ‘డ్రెడ్‌నాట్’, ‘ద సైకిల్’. రెండూ ఆన్‌లైన్‌లో పదిమందితో కలిసి ఆడేవే. ‘ద సైకిల్’ సర్వర్లను 2023 సెప్టెంబరులో ఆపేశారు. ఇప్పుడు దాన్ని ఎవరూ ఆడలేరు, చేసినవాళ్లతో సహా.