వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ గారికి బహిరంగ లేఖ: పబ్బా, చార్మినారా?

గౌరవనీయులైన గ్రూప్ అడ్మిన్ గారి సముఖమునకు,

విషయం: ఎనిమిది మంది మిత్రులు కలుసుకోవలసిన చోటు, వేళ, బిల్లు గురించి.

నలుగురూ ఒకచోట చేరి తిని, తాగి, ముచ్చట్లు పెట్టుకుని ఇళ్లకు పోవడానికి హైదరాబాదులో ఒకప్పుడు ప్లాను అక్కర్లేదు. ఫలానా ఇరానీ హోటల్లో ఫలానా మూల బల్ల దగ్గర సాయంత్రం ఫలానా వాళ్లు ఉంటారని అందరికీ తెలుసు. వీలైనవాడు వెళ్లేవాడు, వీలుకానివాడి గురించి మిగతావాళ్లు మాట్లాడుకునేవారు. ఇప్పుడు అదే పనికి ఒక గ్రూపు, దానికో పేరు, పేరు పక్కన రెండు బీరు గ్లాసుల బొమ్మ, అన్నిటికీ పైన ఒక అడ్మిన్ ఉండాలి. వాట్సాప్ 2022లో గ్రూపు పరిమితిని 1024 మందికి పెంచింది. ఎనిమిది మందికే తేదీ కుదరని ఊళ్లో ఆ వెసులుబాటు ఎవరికి పనికొచ్చిందో తెలియదు.

అడ్మిన్‌కు ఉన్న అధికారాలు చిన్నవి కావు. మనిషిని చేర్చవచ్చు, తీసేయవచ్చు, ఇతరుల మెసేజి చెరిపేయవచ్చు, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపు నోరు మూయించవచ్చు. ఇన్ని ఉండి, తేదీ ఖరారు చేసే ధైర్యం మాత్రం ఏ అడ్మిన్‌లోనూ కనపడదు. దాని బదులు పోల్ పెడతారు. ఒక పోల్‌లో 12 దాకా ఆప్షన్లు ఇవ్వవచ్చు, ఒక్కొక్కరు ఎన్నిటికైనా టిక్కు పెట్టే వీలూ ఉంది. మొహమాటం మన జాతి లక్షణం గనుక సభ్యులు అన్నిటికీ టిక్కు పెడతారు. ఇద్దరు అసలు చూడరు. ఒకరు పోల్ కింద బొటనవేలు బొమ్మ పెడతారు. అది దేనికి సమ్మతో ఎవరూ అడగరు. మూడో రోజుకు ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పోల్ మరుగున పడుతుంది.

తేదీ చిక్కు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా గట్టిది. శనివారం అందరికీ సెలవే కానీ వేంకటేశ్వరస్వామి పేరు చెప్పి ఇద్దరు ముక్క ముట్టరు. మంగళవారం ఆంజనేయుడిది. కార్తీకమాసంలో నెలంతా నియమం పాటించేవాళ్లు ఉంటారు. ఆ వెనకే అయ్యప్ప దీక్షలు, నల్లబట్టలు, 41 రోజులు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే మిత్రుడికి ఇఫ్తార్ లోపు ఏదీ కుదరదు, తరావీ నమాజు అయ్యాక ఏదైనా కుదురుతుంది. అక్టోబర్ 2న, జనవరి 26న, ఆగస్టు 15న మద్యం దుకాణాలు మూతపడతాయి. గణేశ్ నిమజ్జనం నాడు నగరంలో మద్యమూ ఉండదు, దారీ ఉండదు. ఇవన్నీ పోగా మిగిలినవి ఆదివారాలు. ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లోవాళ్లకు ముందే మాట ఇచ్చి ఉంటారు.

చోటు విషయానికి వస్తే గ్రూపు రెండుగా చీలింది. ఒక వర్గానిది పబ్ అండ్ రెస్టారెంట్ వాదం. జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో వెలుతురు తక్కువగా, పాట గట్టిగా ఉండే చోట సిట్టింగ్ వేయాలని వీరి కోరిక. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, కాకపోతే లెక్కలు చూసుకోవాలి. తెలంగాణలో మద్యం అమ్మాలంటే కొనేవాడికి 21 ఏళ్లు నిండాలి. ఈ గ్రూపులో ఆ ఇబ్బంది తీరి ఇరవై ఏళ్లు దాటింది. ఇబ్బంది ఇంకొకటుంది. వారాంతంలో చాలా పబ్బులు ఆడవాళ్లు తోడులేని మగ గుంపులను గుమ్మంలోనే ఆపేస్తాయి. ఎనిమిది మంది నడివయసు మగవాళ్లు జీన్స్ ప్యాంట్లలో పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడి, తలుపు దగ్గరి కుర్రవాడికి తమ సౌశీల్యాన్ని రుజువు చేసుకోవడం చూడదగ్గ దృశ్యం కాదు. లోపలికి వెళ్లాక పాట హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు అదే గ్రూపులో మెసేజిలు పెట్టుకోవలసి వస్తుంది.

తిరుగు ప్రయాణం మరో లెక్క. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. ఒక్క బీరే తాగానన్న వాదన ఊదే యంత్రం ముందు చెల్లదు. కాబట్టి ఎనిమిది మందిలో ఒకరు తాగకుండా ఉండి మిగతావాళ్లను దింపాలి, లేదా అందరూ క్యాబ్ పట్టాలి. తాగని మనిషి ఎప్పుడూ ఒక్కడే. బిల్లులో వాటా అతనికీ సమానంగానే పడుతుంది. ఈ అన్యాయం మీద గ్రూపులో ఇంతవరకు చర్చ జరగలేదు.

రెండో వర్గానిది చార్మినార్ వాదం. అక్కడ పబ్బు లేదు, వచ్చే సూచనా లేదు. గుడికీ, మసీదుకీ, బడికీ దగ్గరలో మద్యం దుకాణం పెట్టకూడదని ఎక్సైజ్ నిబంధన. చార్మినార్ చుట్టూ ఎటు అడుగేసినా మూడింటిలో ఏదో ఒకటి తగులుతుంది. దీనికి పైన పురావస్తు రక్షిత కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఉంది: కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లు అనుమతి లేకుండా ఏదీ కట్టరాదు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో కవిత్వం రాసినవాడు. వసంతం మీద, తొలకరి మీద, ప్రేయసుల మీద రాసినంత ధారాళంగానే మధుపాత్ర మీదా రాశాడు. ఆయన కట్టించిన నాలుగు మినార్ల నీడలో ఈనాడు దొరికే గాఢమైన పానీయం చాయ్.

ఆ చాయ్ పని జరిగే తీరు తెలిస్తే గ్రూపు తగాదాలో సగం తీరుతుంది. ఇరానీ హోటల్లో డికాక్షన్ ఒకచోట, పాలు మరోచోట ఉడుకుతాయి. టీపొడి మూత బిగించిన గిన్నెలో సన్నని సెగ మీద చాలాసేపు ఊరుతుంది. పాలు మరిగి మరిగి చిక్కబడతాయి. కప్పులో ముందు డికాక్షన్, మీద పాలు. ముందే సిద్ధంగా ఉన్న రెండింటిని కలపడమే గనుక ఎనిమిది కప్పులు నిమిషంలో వస్తాయి. ఎవరికేం కావాలో అడిగి రాసుకునే తతంగం లేదు. ఒకడికి పూర్తి కప్పు వద్దనిపిస్తే వన్ బై టూ ఉంది. మక్కా మసీదు పక్కన 1993లో మొదలైన నిమ్రా కేఫ్‌లో జనం చాలామంది నిలబడే తాగుతారు. నిలబడి తాగే చోట బల్ల రిజర్వు చేసే పని లేదు, ఎనిమిదో మనిషికి కుర్చీ వెతికే పని లేదు, ఆలస్యంగా వచ్చినవాడికి చోటు ఉంచే బాధ్యతా లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోసే ఉస్మానియా బిస్కెట్లు తీపీ ఉప్పూ కలిసి ఉంటాయి. వాటిని చాయ్‌లో ముంచి ఎన్ని సెకన్లు ఉంచవచ్చన్న దాని మీద గ్రూపు తన సమస్త వివాదశక్తినీ ఖర్చు చేసుకోవచ్చు. ఎనిమిది మంది చాయ్, బిస్కెట్ల ఖర్చు మామూలుగా ఒక మంచి పబ్బులో ఒక బీరు ధర దాటదు.

చాయ్ చాలదు, కడుపు నిండాలి అనేవారికి పాతనగరం వేళను బట్టి వడ్డిస్తుంది. అడిగినప్పుడల్లా అన్నీ దొరకవు. తెల్లవారుజామున నహారీ. రాత్రంతా ఉడికిన ఎముకల పులుసు, దాన్ని ముంచుకోవడానికి నాన్. నయాపూల్ దగ్గరి నయాబ్ హోటల్ దీనికి పేరుపడింది. కాస్త పొద్దెక్కాక ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ముక్క ముట్టనివారి కోసం చార్‌కమాన్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న, కారప్పొడి వేసి కాల్చే దోసెలు, తవా ఇడ్లీలు ఉన్నాయి. శనివార నియమం ఉన్న ఇద్దరికీ అక్కడ అభ్యంతరం ఉండదు. మధ్యాహ్నం బిర్యానీకి షాదాబ్, మదీనా, శాలిబండ దాకా వెళ్లే ఓపిక ఉంటే షా గౌస్. ఆదివారం భోజనవేళ ఈ హోటళ్లలో బల్ల కావాలంటే, తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడి అతని పళ్లెంలో మిగిలిన ముక్కలు లెక్కపెట్టాలి. ఎనిమిది మందికి ఒకే బల్ల దొరకదు. నాలుగూ నాలుగుగా విడిపోయి కూర్చోవడం మంచిది. రంజాన్‌లో హలీం ఉంటుంది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసాహార వంటకం అదే. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ దగ్గర ఎనిమిది మంది కలిసి వెళ్లి ఎనిమిది మందీ కలిసి బయటపడటం మాత్రం జరిగే పని కాదు.

శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు, చుట్టూ పోలీసు బందోబస్తు. ఆ వేళ ఎవరూ ఏదీ పెట్టుకోకపోవడం మేలు.

"చార్మినార్ దగ్గర కలుద్దాం" అన్నది చిరునామా కాదని అడ్మిన్ గారు గ్రహించాలి. కట్టడానికి నాలుగు ముఖాలు, నాలుగు కమానులు, 1889లో అమర్చిన నాలుగు గడియారాలు ఉన్నాయి. లాడ్‌బజార్ వైపు నిలబడినవాడికి మక్కా మసీదు వైపు నిలబడినవాడు కనపడడు. ఇద్దరూ ఫోన్లో "నేను గడియారం కిందే ఉన్నా" అని ప్రమాణం చేస్తారు, ఇద్దరూ నిజమే చెబుతారు. దీనికన్నా గుల్జార్ హౌజ్ నయం. చార్మినార్‌కు కొంచెం ఉత్తరాన నాలుగు కమానుల నడుమ ఉన్న నీళ్ల హౌజు అది. ఒక్కటే ఉంది, చుట్టూ ఎటునుంచి చూసినా కనపడుతుంది. మెట్రోలో వచ్చేవారు ఎంజీబీఎస్‌లో దిగి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా నడిస్తే సుమారు 2 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమాకు మెట్రో పొడిగింపునకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఈ మీటప్ తేదీ ఖరారయ్యే లోపు అది పూర్తయినా కావచ్చు.

సభ్యుల రాక గురించి ఒక మాట. "బయల్దేరా" అంటే స్నానానికి వెళుతున్నాడని, "దారిలో ఉన్నా" అంటే చెప్పులు వెతుక్కుంటున్నాడని, "ఐదు నిమిషాలు" అంటే ఇంకా మెహిదీపట్నంలో ఉన్నాడని అందరికీ తెలిసిందే. 2005లో వచ్చిన 'ది అంగ్రేజ్' సినిమాలో ఇస్మాయిల్ భాయ్ ముఠా చార్మినార్ పక్కన చేరి పూటంతా కోతలు కోస్తూ గడుపుతుంది. వాళ్లలో ఎవరూ పోల్ పెట్టలేదు. ప్రతి గ్రూపులోనూ ఒక సలీం ఫేకు ఉంటాడు. ముందు వస్తానన్నవాడూ, చివర వచ్చేవాడూ, వచ్చాక తన ఆలస్యానికి ఎవరూ నమ్మని కథ చెప్పేవాడూ అతనే. అతను లేకుండా కలిస్తే ఆ రోజు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు గనుక అతన్ని గ్రూపులోంచి తీసేయవద్దని మనవి.

బిల్లు సంగతి పబ్బు వర్గం మరీ తేలిగ్గా తీసుకుంది. రెస్టారెంట్ తిండి మీద మామూలుగా 5 శాతం జీఎస్టీ. మద్యం జీఎస్టీ పరిధిలోనే లేదు. సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అయినా ఆ వరుసను బిల్లులో వెతికి అడిగేందుకు ఒక మనిషి కావాలి, ఎనిమిది మందిలో అంత తెలివిడితో ఉండేది పైన చెప్పిన తాగని మిత్రుడే. వెయిటరు ముందు "నేనిస్తా, నేనిస్తా" అని కుస్తీ పట్టి, ఇంటికెళ్లాక ఫోన్‌పే నంబరు అడగని మహానుభావుడి దగ్గర నెల తర్వాత వసూలు చేయలేకపోవడం ఈ గ్రూపు చరిత్రలో ఉంది. చాయ్ దగ్గర ఈ సమస్య రాదు. అక్కడ బిల్లు కట్టి ఉదారుడనిపించుకోవడం చవక.

పబ్బు వర్గం కోరికలో న్యాయం లేకపోలేదు. సాయంత్రం నిలబడి తాగే చాయ్ పావుగంటలో అయిపోతుంది. ఏడాదికోసారి కలిసేవాళ్లకు మూడు గంటలు కూర్చునే చోటు కావాలి. కానీ ఈ తగాదా అంతా సాయంత్రమే కలవాలనుకోవడం వల్ల వచ్చింది. ఆదివారం పొద్దున పాతనగరంలో దుకాణాలింకా షట్టర్లు ఎత్తవు, బండి పెట్టడానికి చోటుంటుంది, నడవడానికి రోడ్డుంటుంది. నహారీ తినేవాడు నహారీ, దోసె తినేవాడు దోసె తిని చాయ్ దగ్గర కలవవచ్చు. ఊదే యంత్రం భయం లేదు, వాలే పార్కింగ్ గొడవ లేదు, గుమ్మం దగ్గర నిలబెట్టేవాడు లేడు. పదిన్నరకల్లా ఇంటికి చేరితే ఇంట్లోవాళ్లకిచ్చిన మాటా దక్కుతుంది. సాయంత్రం సిట్టింగ్ కావాలనేవారు దానికి వేరే గ్రూపు, వేరే అడ్మిన్ పెట్టుకోవచ్చు.

కావున అడ్మిన్ గారు దయతలచి పోల్‌ను తొలగించి, "వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకు, గుల్జార్ హౌజ్ దగ్గర" అని ఒక్క మెసేజి పెట్టి, మరుక్షణం అడ్మిన్ తప్ప ఎవరూ రాయలేకుండా గ్రూపు సెట్టింగు మార్చవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
గ్రూపు సభ్యులు (మ్యూట్‌లో పెట్టుకున్నవారితో సహా)