కాలేజీ బేస్‌బాల్ జట్టు: ఎంట్రీ ఫారం నింపే చిట్కాలు

ఆర్మూర్‌లో ఏదో ఒక డిగ్రీ కాలేజీలో బేస్‌బాల్ జట్టు బాధ్యత మీ నెత్తిన పడిందా? కంగారు వద్దు. ఆట తెలియక్కర్లేదు, ఫారం నింపడం వస్తే చాలు. ఇవి పాటిస్తే తెలంగాణ యూనివర్సిటీ పోటీలకు పొద్దున వెళ్లి, మధ్యాహ్నం భోజనానికల్లా ఇంట్లో ఉంటారు.

1. ముందు పేర్లు రాయండి, ఆటగాళ్లను తర్వాత వెతకండి. మైదానంలోకి దిగేది తొమ్మిది మందే. మిగతా గడులు ఎందుకున్నాయనుకున్నారు? ఒకటి బామ్మర్ది కొడుక్కి, ఒకటి ఆఫీసు గుమాస్తా తమ్ముడికి, ఇంకోటి సర్టిఫికెట్ కోసం ఫోన్ చేయించిన పెద్దమనిషి మనవడికి. అంకాపూర్ నుంచి దేశీకోడి కూర తెచ్చిపెట్టే పోరనికి మూడేళ్లూ చోటు ఖాయం.

2. ఇంతమందేమిటని ఎవరైనా అడిగితే అమెరికాను చూపించండి. అక్కడ పెద్ద కాలేజీలు ఒకప్పుడు 11.7 స్కాలర్‌షిప్పులనే ముక్కలు చేసి జట్టంతటికీ పంచేవి. అక్కడి ఒక కోర్టు ఒప్పందం తర్వాత, 2025-26 నుంచి, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు 34 మంది అని హద్దు పడింది. ఆ హద్దు వల్ల చోటు పోయినవాళ్లను మళ్లీ తీసుకున్నా లెక్కలోకి రారని వెంటనే సందు కూడా వదిలారు. హద్దును పైకి చదవండి, సందును గుర్తుపెట్టుకోండి.

3. కొత్తవాళ్లకు నేర్పకండి. ఇక్కడి రైతు పసుపు తవ్వగానే మంచి దుంపను విత్తనానికి పక్కన పెడతాడు, వానాకాలంలో నాటాలి కాబట్టి. మీకా తలనొప్పి ఎందుకు? మొదటి ఏడు కిట్టు మోయించండి. రెండో ఏడు సున్నపు గీతలు వేయించండి. మూడో ఏడు బ్యాటు పట్టడం వచ్చేలోపు టీసీ చేతిలో పెట్టండి. గ్లవ్స్ బీరువాలోనే ఉండాలి. ఆడిటర్‌కు కొత్తగా కనబడొద్దా?

4. బాగా విసిరేవాడు ఒక్కడు దొరికితే ఇక రెండోవాడి జోలికి పోకండి. 17, 18 ఏళ్ల పిల్లలు రోజుకు 105 బంతులు దాటి విసరకూడదని అమెరికా బేస్‌బాల్ పెద్దల సలహా. లెక్కపెట్టేవాడు లేకుంటే దాటినట్టు ఎలా తెలుస్తుంది? భుజం నొప్పి అంటే జండూబామ్ రాయండి. మళ్లీ అంటే క్రమశిక్షణ లేదని రాయండి.

5. సాఫ్ట్‌బాల్‌లో మొదట దిగినవాణ్ని తీసేసినా ఒకసారి తిరిగి దింపొచ్చు. బేస్‌బాల్‌లో బయటికొచ్చినవాడు ఆ మ్యాచ్‌కు బయటే. ఇది మీ పాలిట వరం. "తీస్తే మళ్లీ రాలేడు కదా" అంటూ పదిహేను పరుగులు వెనకబడ్డా ఎవర్నీ మార్చకండి. బెంచీ మీదివాళ్ల బట్టలు మాయవు.

6. ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి ఈ ఊరిని మించింది లేదు. జూన్‌లో పసుపు నాట్లు, జనవరి నుంచి తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. మధ్యలో వానలు, పరీక్షలు. రైతుల ధర్నా ఉంటే మామిడిపల్లి చౌరస్తాలో దారి మూసేశారని చెప్పొచ్చు. లేకపోయినా చెప్పొచ్చు. ఏ సాకూ దొరకని రోజు పిల్లల్ని సిద్ధులగుట్ట ఎక్కించి, కింద చాయ్ తాగుతూ కూర్చోండి. రిజిస్టర్‌లో "ఫిట్‌నెస్" అని రాయండి.

7. ప్రిన్సిపాల్ నిలదీస్తే నిఖత్ జరీన్ పేరెత్తండి. 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన మన నిజామాబాద్ అమ్మాయి. రింగులోకి ఒక్కతే దిగింది గదా సార్, జట్లు తయారు చేయడం మన జిల్లా పద్ధతి కాదు అనండి. ఆయన ఆలోచనలో పడగానే టీఏ బిల్లు ముందు పెట్టండి.

8. మీరు మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టిన కుర్రాడు పీజీకి ఇంకో కాలేజీలో చేరి మీ జట్టునే చిత్తుగా ఓడిస్తాడు. బాధపడకండి. విలేకరులు వచ్చేలోపు పరుగెత్తి వాడి భుజం మీద చెయ్యేసి నిలబడండి. "మా చేతుల్లో పెరిగిన పిల్లగాడే" అని చెప్పి, మీ పేరు స్పెల్లింగు సరిచూసుకోండి.