ఫ్లైట్ మోడ్ వద్దు, ఫోనే ఆపేయండి

రాయ్‌పూర్ దగ్గర సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంట్లలో, రోలింగ్ మిల్లుల్లో పనిచేసే మన తెలుగువాళ్లకి పండగకో పెళ్లికో ఊరు వెళ్లాలంటే ఇదివరకు రాయగడ, విజయనగరం మీదుగా పోయే రైలే దిక్కు. ఇప్పుడు చాలామంది మానా వెళ్లి స్వామి వివేకానంద విమానాశ్రయంలో ఎక్కి, గంటన్నర తిరిగేసరికి హైదరాబాద్‌లో దిగుతున్నారు. మొదటిసారి ఎక్కబోయే కుర్రాళ్లు తప్పకుండా ఒకటి అడుగుతారు: మాస్టారూ, విమానంలో ఫోన్ వాడొచ్చా?

వాడొద్దు. ఫ్లైట్ మోడ్ పెట్టి వాడటం కూడా వద్దు. సీట్లో కూర్చోగానే పూర్తిగా ఆపేసి, హైదరాబాద్‌లో మెట్లు దిగాక ఆన్ చేయండి. ఇది ఈ కాలానికి నప్పని సలహా అని నాతో చాలామంది వాదించారు. అయినా ఇదే చెబుతాను.

నియమం నా వైపు లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్లని ప్రయాణం మొత్తం వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే, 2013 అక్టోబర్‌లో, అమెరికా తలుపు తీసింది. 2020 మార్చిలో మన ప్రభుత్వం విమానంలో వై-ఫైకీ దారి ఇచ్చింది. 2025 జనవరి 1 నుంచి ఎయిర్ ఇండియా దేశీయ విమానాలు కొన్నింటిలో వై-ఫై మొదలుపెట్టింది. ఫోన్ సిగ్నల్ వల్లే ఫలానా విమానం కూలిందని ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదన్నదీ నిజమే. మరి ఎందుకీ పట్టుదల అంటారా?

ఫ్లైట్ మోడ్ పెట్టారో లేదో ఎవరికీ కనపడదు కాబట్టి. నూట ఎనభై సీట్ల విమానంలో నడవా వెంట వచ్చే ఎయిర్ హోస్టెస్‌కి ప్రతి ఫోన్ మూలనున్న ఆ చిన్న విమానం బొమ్మ ఎలా కనిపిస్తుంది? తెర వెలుగుతుంటే అది వాట్సాపో, దించుకున్న సినిమానో ఆమెకి తెలియదు. తెర నల్లగా ఉంటే మాత్రం దూరం నుంచే తెలుస్తుంది. నియమం పాటిస్తున్నామని నోటితో చెప్పడం కాదు, కళ్లకు కనిపించేలా పాటించాలి. మన షెడ్డులో క్రేన్ నడిపేవాడు కింద చెయ్యి ఊపే ఒక్క సిగ్నల్‌మ్యాన్ మాటే వింటాడు. కానీ ‘ఆపు’ అని ఎవరు చెయ్యెత్తినా ఆపేస్తాడు, ఎందుకని అడగడు. విమానంలో సిబ్బంది మాటకి అంత విలువ ఇవ్వమంటున్నాను.

సిగ్నల్ గొడవ పూర్తిగా కట్టుకథ కూడా కాదు. టవర్ దూరమయ్యేకొద్దీ ఫోన్ తన శక్తి పెంచుకుని అరుస్తుంది. పాత 2జీ ఫోన్ అయితే రెండు వాట్ల దాకా పోతుంది. 4జీ ఫోన్ అందులో పదో వంతు. రేడియో పక్కన ఫోన్ పెడితే వచ్చే గరగర మీరూ వినే ఉంటారు. అలాంటిదే పైలట్ల హెడ్‌సెట్లోనూ వినిపించిన సందర్భాలు ఉన్నాయి. రన్‌వే దగ్గరపడుతున్నప్పుడు విమానాశ్రయ కంట్రోల్ టవర్ నుంచి వచ్చే ఒక్క అంకె సరిగా వినపడకపోతే మళ్లీ అడగాలి. ఆ సమయంలో వాళ్లకి అంత తీరిక ఉండాలని ఎవరూ కోరుకోరు.

2022 నవంబర్‌లో టెలికాం శాఖ ఏం చేసిందో చూడండి. రన్‌వే రెండు చివర్ల నుంచి 2,100 మీటర్ల వరకు, రన్‌వే మధ్యగీత నుంచి 910 మీటర్ల వరకు 3.3 గిగాహెర్ట్జ్ శ్రేణి 5జీ టవర్లు పెట్టొద్దని కంపెనీలకి రాసింది. విమానం నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచే రేడియో ఆల్టిమీటర్ పనిచేసేది 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య. రెండు శ్రేణుల మధ్య అంత ఎడం ఉన్నా జాగ్రత్త పడ్డారు. టవర్ వేరు, జేబులో ఫోన్ వేరు అని ఇంజనీర్లు చెబుతారు, సరే. ప్రభుత్వం అంత జాగ్రత్త పడ్డచోట నేను గంటన్నర ఫోన్ ఆపుకోలేనా?

అన్నిటికంటే నన్ను భయపెట్టేది బ్యాటరీ. 2016 సెప్టెంబర్‌లో సింగపూర్ నుంచి చెన్నై వస్తున్న ఇండిగో విమానంలో తల మీది అరలో ఉన్న ఫోన్ నుంచి పొగ వచ్చింది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే పై అరలో మంట పుట్టింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, విమానం మాత్రం పైకప్పు దాకా కాలింది. పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ నుంచి దిమాపూర్ వెళ్లాల్సిన విమానంలో, రన్‌వే వైపు కదులుతుండగా, ప్రయాణికుడి పవర్ బ్యాంకు అంటుకుంది. అందుకే ఇప్పుడు విమానంలో పవర్ బ్యాంకుతో చార్జింగ్ పెట్టకూడదు. దాన్ని చెక్-ఇన్ సామానులో వేయకూడదు, పై అరలోనూ పెట్టకూడదు. నేను ఇంకో అడుగు ముందుకేసి, అసలు తీసుకెళ్లొద్దంటాను. ఫోన్ ఆపేసి కూర్చునేవాడికి పవర్ బ్యాంకు ఎందుకు? ఆపేసిన ఫోన్ మాత్రం ముందు సీటు కింది చేతి సంచిలో, కాళ్ల దగ్గరే ఉండాలి. పొగ వస్తే వెంటనే తెలుస్తుంది. ఫోన్ సీటు సందులోకి జారిపోతే సీటుని ముందుకీ వెనక్కీ కదపకండి, నలిగిన బ్యాటరీ భగ్గుమంటుంది. సిబ్బందిని పిలవండి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా తీసేయండి. అత్యవసరమైతే విమానంలో ఉన్న అందరినీ 90 సెకన్లలో, అదీ సగం తలుపుల్లోంచే దించగలమని తయారీదారు చూపించాలి. అప్పుడే ఆ రకం విమానానికి అనుమతి వస్తుంది. ఆ పరీక్షలో పాల్గొనేవాళ్లు కేక వినగానే లేస్తారు. పాట వింటూ కునికేవాడు పక్కవాడు తట్టేదాకా లేవడు. విమానం ఎక్కగానే మీ వరుస నుంచి ముందు తలుపుకి, వెనక తలుపుకి ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో చేత్తో తడుముకుంటూ వెళ్లడానికి పనికొస్తుంది.

బోర్డింగ్ పాస్ కాగితం మీద తీసుకోండి. రాయ్‌పూర్‌లో డిజియాత్ర వచ్చింది, ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. అయినా కాగితం జేబులో ఉంటే, ఫోన్ ఆపేశాక సీటు నంబరు కోసం మళ్లీ ఆన్ చేయాల్సిన పని ఉండదు. అందుకోవడానికి వచ్చేవాళ్ల నంబరు కూడా ఆ కాగితం వెనకే రాసుకోండి. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకుండా కిటికీ పక్క సీటు ఇవ్వండి. చక్రాలు నేలని తాకగానే ‘దిగిపోయాం’ అని ఇంటికి ఫోన్ చేయడానికి ఎగబడకండి. విమానం ఆగేదాకా అది ఇంకా ప్రయాణమే.

చెవి యంత్రం, పేస్‌మేకర్ లాంటివి ఈ మాటల్లోకి రావు. వాటిని ఎవరూ ఆపమనరు, మీరూ ఆపకండి.

పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారిది శ్రీకాకుళం. సిల్తారాలో డ్యూటీ చేసే మనవాళ్లలో ఆ జిల్లావాళ్లు ఉన్నారు. ఆయనకి రెండు విన్నపాలు. టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లోనైనా ఫోన్లు పూర్తిగా ఆపాలన్న పాత పద్ధతిని తిరిగి తీసుకురండి. రాయ్‌పూర్–హైదరాబాద్ విమానంలో ఆ మాట హిందీ, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ చెప్పించండి.