కొత్త హీరో

తెలుగు ప్రేమకథా చిత్రంతో తెరకు పరిచయమయ్యే యువకుణ్ణి కొత్త హీరో అంటారు. ఈ హోదాకు గడువంటూ లేదు. మూడో సినిమా పోయాక కూడా కొత్తవాడుగానే మిగిలేవాళ్లున్నారు. వారసుల సంగతి వేరు. వాళ్లకు కథ కుదరకముందే అభిమాన సంఘం కుదురుతుంది. అసలు సిసలు కొత్త హీరో ఎవరంటే, కొడుకు కోసమే నిర్మాతగా మారిన రియల్ ఎస్టేట్ వ్యాపారి గారబ్బాయి.

మొదటి సినిమా ప్రేమకథే ఎందుకు కావాలంటే, ఖర్చు తక్కువ. ఫ్యాక్షన్ కథకు సుమోలు కావాలి. ప్రేమకథకు ఒక కాలేజీ, కాస్త వాన, అమ్మాయి తండ్రిగా కళ్లెర్రజేసే నటుడు ఉంటే చాలు. పైగా చరిత్ర కూడా ధైర్యమిస్తుంది. 1965లో ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో ‘తేనె మనసులు’ తీసి కృష్ణను హీరోని చేశారు. తేజ 2000లో ‘చిత్రం’తో ఉదయ్ కిరణ్‌ను, 2002లో ‘జయం’తో నితిన్‌ను నిలబెట్టారు. నిర్మాత తండ్రికి ఈ పేర్లు కంఠతా వచ్చు. అవే పేర్లు చెప్పుకుని ప్లాట్లు అమ్ముకున్నవాళ్ల జాబితా మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ముందు శిక్షణ. అబ్బాయి విశాఖపట్నంలో సత్యానంద్ దగ్గర చేరితే, పవన్ కల్యాణ్, మహేశ్ బాబు, ప్రభాస్ నేర్చుకున్నది అక్కడేనని బంధువులందరికీ కబురు వెళ్తుంది. తర్వాత గుర్రపు స్వారీ, కత్తిసాము, జిమ్నాస్టిక్స్. సినిమాలో అతను ఎక్కేది హీరోయిన్ స్కూటీ వెనక సీటు.

ముహూర్తపు సన్నివేశాన్ని ఆనవాయితీ ప్రకారం దేవుని పటాలపై చిత్రీకరిస్తారు, అంటే తొలి షాట్‌లో నటన దేవుడిదే. ఒక పెద్దాయన క్లాప్ కొడతారు, మరొకరు కెమెరా స్విచాన్ చేస్తారు, ఇంకొకరు గౌరవ దర్శకత్వం వహిస్తారు. అసలు దర్శకుడు పక్కన నిలబడి చప్పట్లు కొడతాడు. ఇక తెర మీద నటన గురించి చెప్పాల్సింది కొంచెమే: ఇంటర్వెల్ ముందు గడ్డం ఉండదు, తర్వాత ఉంటుంది.

కొత్త హీరో ప్రతిభ పూర్తిగా బయటపడేది ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో. అతనికి బాగా అబ్బిన రసం వినయం. వేదిక ఎక్కినవారందరి కాళ్లకూ దణ్ణం పెడతాడు, ఆ తొందరలో ఒక్కోసారి మైకు సర్దడానికి వచ్చినవాడికి కూడా. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద హీరోగారి అభిమానులు కేకలు ఆపేదాకా మైకును రెండు చేతులా పట్టుకుని నవ్వుతూ నిలబడతాడు. “నాకు మాట్లాడటం రాదండీ” అని మొదలుపెట్టి పావుగంట మాట్లాడతాడు. దర్శకుణ్ణి “అన్న”, కెమెరామన్‌ను “అన్న”, తండ్రి వయసున్న పంపిణీదారుణ్ణి కూడా “అన్న” అంటాడు. ముంబై నుంచి వచ్చిన హీరోయిన్ “అందరికీ నమస్కారం, బాగున్నారా?” అన్నందుకు పడే ఈలలు అతని ప్రసంగం మొత్తానికీ పడవు. చివర్లో ముఖ్య అతిథి, కుర్రాడి కళ్లలో స్పార్క్ ఉందంటారు. సినిమా చూశానని మాత్రం అనరు.

శుక్రవారం ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షోకు ఇంజినీరింగ్ బ్యాచ్ అంతా దిగుతుంది. కాగితం ముక్కలు ఎగరేసేదీ వాళ్లే, మ్యాట్నీకి రానిదీ వాళ్లే. ఆదివారం సక్సెస్ మీట్. మౌత్ టాక్‌తో సినిమా పుంజుకుంటోందని, థియేటర్లు పెంచుతున్నామని నిర్మాత ప్రకటిస్తాడు. ఆ వేళకు సగం థియేటర్లలో పక్క సినిమా పోస్టర్ అంటించేసి ఉంటుంది.

ఆ తర్వాత కొందరు మాస్ కథ ఎంచుకుంటారు, గడ్డం అలాగే ఉంచి చేతికి కత్తి తీసుకుంటారు. కొందరు వెబ్ సిరీస్‌లో హీరో స్నేహితుడిగా తేలి, నిజంగానే బాగా నటించి అందర్నీ ఆశ్చర్యపరుస్తారు. మిగిలినవారు తండ్రి ఆఫీసులో కూర్చుంటారు. అక్కడి సిబ్బంది “హీరో గారు” అనే పిలుస్తారు. కొత్త వెంచర్ బ్రోచర్ మీద వేయడానికి ఫస్ట్ లుక్ ఫొటో ఎలాగూ సిద్ధంగా ఉంది.