ఒంటిగేరు పద్యం: టీక, తాత్పర్యం

ముందు పండ్లు నిలుపు ముప్పదిరెండును
పదునెనిమిది వెనుక బళిర చాలు
మిగులు చక్రములను మేనమామకు నిచ్చి
కొండ యెక్కువాడె కోవిదుండు

అవతారిక: ముందు షాక్ ఉండి వెనక ఏమీ లేని కొండ సైకిలును హార్డ్‌టెయిల్ అంటారు. దానికి గేర్లన్నీ ఊడదీసి ఒక్కటే ఉంచుకోదలచిన ముముక్షువుకు గురువు చేసిన ఉపదేశమిది. గురువు పంచరు షాపు నడుపుతాడని సంప్రదాయం. పాలవాడి సైకిలుకు పుట్టుకతోనే ఉన్న యోగాన్ని డబ్బిచ్చి కొనడానికి వచ్చాడేమిటని ఆయన ముందు నవ్వాడట.

ప్రతిపదార్థం: ముందు = పెడళ్ళ దగ్గర; ముప్పదిరెండును పండ్లు = ముప్పై రెండు పళ్ళ చక్రాన్ని; నిలుపు = ఉన్నదాన్ని ఉంచుకో; వెనుక = వెనక ఇరుసు మీద; పదునెనిమిది = పద్దెనిమిది పళ్ళది; చాలు = సరిపోతుంది; బళిర = గణపూరణానికని కొందరు. పైన చెప్పిన నవ్వే అని మేము.

విశేషం: 'పండ్లు' అంటే ఫలాలు కావు. నోటి పళ్ళేనని ఒక పూర్వ వ్యాఖ్యాత. లెక్క సరిపోయింది గనక ఆయన్ని తోసిపుచ్చలేం. ఒంటిగేరు మీద ఎత్తు వస్తే సీటు మీంచి లేచి నిలబడి తొక్కాలి. ఆ క్షణాన చైను జారితే రొమ్మూ మూతీ హ్యాండిల్ మీదికి వెళ్తాయి. కనుక 'ముందు పళ్ళు నిలుపుకో' అన్నది హెచ్చరిక కూడా.

ముందు దానికి 'నిలుపు', వెనక దానికి 'చాలు' అనడంలో ఔచిత్యం ఉంది. వెనక గుత్తిలోని చక్రాల పళ్ళు చైను ఒకదాని మీంచి మరోదాని మీదికి సులువుగా దూకేలా చెక్కినవి. దూకకుండా పట్టి ఉంచే పొడుగు పళ్ళ చక్రం విడిగా కొనుక్కోవాలి. అంటే పాతవి అన్నీ పోవలసిందే. ఖాళీ అయిన చోట స్పేసర్ రింగులు పేర్చి, కొత్త చక్రాన్ని ముందు పళ్ళ చక్రానికి సూటిగా నిలపాలి. ఒక రింగు ఇటు నుంచి అటు మార్చి, వెనక నుంచి ఒంటి కన్నుతో చూసి, మళ్ళీ మార్చి... సాయంత్రమంతా దీనికే పోతుంది.

ఫలితం: పెడలు ఒక చుట్టుకు వెనక చక్రం సుమారు 1.78 చుట్లు. 29 అంగుళాల చక్రానికి ఇది మధ్యేమార్గం. చదును రోడ్డు మీద కాళ్ళు గిరగిరా తిరుగుతుంటే ఆటోలో పిల్లలు చూసి నవ్వుతారు.

శంక: గేర్లు మార్చే చేయి తీసేస్తే చైను వేలాడదా? సమాధానం: వేలాడుతుంది. మామూలు సైకిలుకు వెనక ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగి నట్టు బిగిస్తే సరి. గేర్ల సైకిళ్ళలో చాలావాటికి గాడి నిలువు, చక్రం వెనక్కి రాదు. ఇక చైనునే కుదించాలి. లంకె అర అంగుళం. మామూలు చైన్లో లంకెలు జతగానే తీయాలి, అంటే అంగుళం అంగుళం. లెక్క కుదరదు. అందుకని స్ప్రింగున్న చిన్న చేయి, టెన్షనర్, ఊడదీసిన చోటే మళ్ళీ బిగించాలి. వదిలినదాని తమ్ముణ్ణి ఇంట్లోకి తెచ్చుకోవడమన్నమాట. ఇది పద్యంలో లేదు. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం. ఆయన సైకిలు విప్పలేదు గనక చెల్లింది.

'మేనమామకు': ఎందుకు పనికొస్తాయని అడగకుండా పుచ్చుకునే బంధువు ఆయనొక్కడే.

తాత్పర్యం: ఓ శిష్యా, ముందొకటి వెనకొకటి పెట్టుకుని, తక్కినవి వదిలి కొండెక్కు.

పాఠాంతరం: 'కొండ నడచువాడె' అని మరో ప్రతిలో ఉంది. గణాలు చెడలేదు. చరిత్ర కూడా దీనివైపే. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొండ మీంచి దిగే రీప్యాక్ సైకిలు పందేలు మొదలైనప్పుడు పాత ష్విన్ సైకిళ్ళు ఎక్కువగా వాడారు. చాలావాటికి గేరు ఒక్కటే, బ్రేకు వెనక హబ్బులో. దిగేటప్పుడు బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు మాడిపోయేది, మళ్ళీ నింపుకోవాలి. పందెం పేరు అందుకే. ఎక్కేటప్పుడు మాత్రం తోసుకుంటూనో, ట్రక్కులో వేసుకునో వెళ్ళేవారు. వికారాబాద్ అనంతగిరి ఘాట్‌లో రెండో మలుపు దగ్గర దిగి, సైకిలు పట్టుకుని నడుస్తుండగా, ఈ పాఠమే సాధువని వ్యాఖ్యాతకు తోచింది.